తియ్ అంటే తియ్యమని కాదట

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. ఆదివారం పొద్దున్న మన బ్లాకుకీ ఎదుటి బ్లాకుకీ షటిల్ పోటీ, ఇది కేవలం ఫ్రెండ్లీ మ్యాచ్, అందరూ సరదాగా పాల్గొనగలరు అని రాసుంది. పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి చదివి పైకే నవ్వేశాను. పక్కింటాయన ఏమైందండీ అన్నట్టు చూశాడు. ఏం చెప్పను? ఫ్రెండ్లీ అన్న మాట పక్కన కేవలం అని చేర్చిన మహానుభావుడెవరో గానీ, ఆయన జన్మలో ఒక్క ఫ్రెండ్లీ మ్యాచ్ కూడా ఆడి ఉండడు. నేను ఆడాను. అదీ షటిల్ కాదు, గోల్ఫు. నవ్వకండి, నా మొహానికి గోల్ఫేమిటని నేనూ అప్పట్లో చాలాసార్లు నవ్వుకున్నాను.

నా ఈడు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఒక పక్క భయపెడుతూ, ఆ కంప్యూటర్లే మీ పిల్లలకి అన్నం పెడతాయని ఇంకో పక్క ఊదరగొట్టిన రోజులవి. గోడ ఖాళీగా కనిపిస్తే చాలు, జావా నేర్పుతామనో కోబాల్ నేర్పుతామనో రాసేసేవారు. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ గాలి ఎటు వీస్తోందో అందరికంటే ముందు పసిగట్టి, రాంగోపాల్‌పేటలో ఒక టైర్ల కొట్టు మీద రెండో అంతస్తు అద్దెకి తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. పార్వతీపురం అవతల మా ఊళ్ళో బీయస్సీ చదివి గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను రమ్మని కబురు పెట్టి, ఆర్నెల్లు తనే నేర్పించి, పొద్దుటి బ్యాచీలకీ సాయంత్రపు బ్యాచీలకీ నన్నే పాఠాలు చెప్పమన్నాడు. తిండీ పడకా సీతాఫల్‌మండిలో వాళ్ళింట్లోనే. అన్నం పెట్టిన చెయ్యి కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి, మా బావ లేకపోతే నేను ఈ ఊరి మొహం చూసేవాణ్ణి కాదు. ఒప్పుకున్నాను, ఇక మిగతాది చెబుతాను.

మా బావదీ మా వైపే, బొబ్బిలి దగ్గర. కానీ ఈ ఊరొచ్చిన కొత్తలోనే మన యాసకి ఇక్కడ గిరాకీ లేదని కనిపెట్టి దాన్ని చొక్కా విప్పినట్టు విప్పేశాడు. బయట హైదరాబాదీ మాట, ఇంట్లోనూ హైదరాబాదీ మాటే. అక్క ఏదైనా అడిగితే "అయితది తియ్" అనేవాడు, వంట బాగుంటే "మస్తుంది" అనేవాడు. మా అక్కకి ఏళ్ళు గడిచినా ఆ భాష పట్టుబడలేదు. కూరలవాడితో బేరమాడాలన్నా వీధిలోకి నన్నే తోడు పిలిచేది. వాళ్ళకి పిల్లలు లేరు, బావ పొద్దున్న వెళితే రాత్రికి గానీ రాడు. నేను బ్యాచీ ముగించుకుని వచ్చేసరికి గుమ్మంలో కూచుని ఉండేది, వచ్చీ రాగానే మా ఊరి సంగతులు మొదలుపెట్టేది. నాకు ఆకలి దంచేస్తుంటే ఆవిడకి మాటల ఆకలి.

డబ్బు కాస్త కళ్ళబడ్డాక బావకి గోల్ఫు మీద మోజు పుట్టింది. కంటోన్మెంట్ వైపు ఒక చిన్న క్లబ్బులో చేరాడు. రిటైరైన మిలటరీ వాళ్ళు, కొందరు వ్యాపారస్తులు, అప్పుడప్పుడే చేతిలో సెల్‌ఫోన్లూ నెత్తిన కొత్త టోపీలూ పెట్టుకుని దిగుతున్న కంప్యూటర్ కంపెనీల వాళ్ళు అందులో సభ్యులు. ఒంటరిగా సాధన చెయ్యడం విసుగని ఆదివారాలు నన్ను వెంటబెట్టుకు వెళ్ళేవాడు. ఒకరోజు నువ్వూ ఒకటి కొట్టి చూడరా అని కర్ర చేతికిచ్చాడు. కొట్టాను. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడిన చెయ్యి కదా, బంతి తిన్నగా వెళ్ళి చాలా దూరంలో పడింది. అక్కడున్న వాళ్ళు అరె అన్నారు. ఊళ్ళో ఎందుకూ పనికిరాడన్న పేరు మోసిన వాణ్ణి, ఈ మహానగరంలో నా చేతికి ఒక విద్య ఉందని ఆ క్షణంలో తెలిసింది. బావ కూడా అరె అన్నాడు, కాకపోతే ఆయన అన్న తీరు వేరు.

అలా నన్ను ఏడాదికి తాత్కాలిక సభ్యుణ్ణి చేశారు. ఏడాది గడిచాక కమిటీ కూచుని, ఈ మనిషి మనవాడే అనుకుంటే ఖాయం చేస్తుంది, లేదంటే దండం పెట్టి పంపేస్తుంది. కమిటీలో పెద్దాయన ఒక రిటైర్డ్ కర్నల్. ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు, ఆటంటే ప్రాణం. ఆయనకి నా ఆట నచ్చింది. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, నీ సభ్యత్వం ఖాయం అవనీ, అప్పుడు మా అల్లుడి కంపెనీలో నీ గురించి మాట్లాడతాను, క్లబ్బు మనిషివైతే నా మాటకి బలముంటుంది అన్నారు. అల్లుడిది మాదాపూర్ దగ్గర కొత్తగా లేచిన అద్దాల మేడల్లో ఒక కంపెనీ. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. బావ సెంటర్‌లో సుద్దముక్క పట్టుకునే బతుకు నుంచి బయటపడే తలుపు అదొక్కటే, దానికి తాళం ఆ సభ్యత్వం. అక్కకి చెప్పాను, అక్క బావతో చెప్పింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నగరం అవతలి క్లబ్బుతో మా క్లబ్బుకి స్నేహపూర్వకంగా ఒక పోటీ పెట్టారు. మా జట్టుకి బావే కెప్టెన్, మధ్యాహ్నం భోజనాల ఖర్చు ఆయనదే కాబట్టి ఎవరూ కాదనలేదు. ఒకరితో ఒకరు తలపడతారు, ఏ జట్టులో ఎక్కువ మంది గెలిస్తే ఆ జట్టుకి కప్పు. నన్ను చిట్టచివరి జోడీలో వేశారు. నా ప్రత్యర్థి ఒక భాయ్, వరంగల్ దిక్కు నుంచి వచ్చి ఫర్నిచర్ వ్యాపారంలో స్థిరపడిన ముస్లిం కుటుంబం వాడు. తెల్లగడ్డం, నవ్వు మొహం, తేటగా తెలంగాణ మాట. ఆ రోజంతా మేమిద్దరం ఆడామనే కంటే కబుర్లాడామంటే సరిపోతుంది.

ఇక్కడ గోల్ఫులో ఒక మర్యాద గురించి చెప్పాలి. తక్కువ షాట్లలో బంతిని గుంతలో వేసినవాడే నెగ్గినట్టు. బంతి గుంత పక్కన జానెడు దూరంలో ఆగిందనుకోండి, ఎలాగూ పడేదే కదా అని ఎదుటివాడు పెద్దమనసుతో తీసేసుకో అంటాడు. అంటే అది కొట్టకుండానే పడినట్టు లెక్క, బంతి చేతిలోకి తీసుకుని ముందుకి పోవడమే, వాడు అనకుండా తీస్తే మాత్రం తప్పు. భాయ్ పొద్దుటి నుంచీ నాకు అలాంటివి "తీస్కో బేటా, తీస్కో" అంటూ ఇస్తూనే ఉన్నాడు, నేనూ ఆయనకి ఇస్తూనే ఉన్నాను. ఎంత బావుందనుకున్నారు! పెళ్ళిలో కొత్త బంధువులు ముందు మీరు తినండంటే ముందు మీరు తినండని మొహమాటపడినట్టుంది.

చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం సమానం. మిగతా వాళ్ళందరి ఆటలూ అయిపోయి, జట్లు కూడా సమానంగా ఉన్నాయట, అందరూ వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. భాయ్ తన బంతిని గుంతలో వేసి పక్కకి జరిగాడు. నేను చాలా దూరం నుంచి కొట్టిన బంతి గడ్డి మీద వంపు తిరిగి, వచ్చి వచ్చి గుంతకి జానెడు ఇవతల ఆగింది. దాన్ని ఒక్కసారి తోస్తే చాలు, భాయ్ కంటే ఒక షాట్ తక్కువలో ముగించినట్టు, కప్పు మాదే, కమిటీ ముందు నా పేరుకి ఇక ఎదురు లేదు. అప్పుడు భాయ్ చప్పట్లు కొట్టి మనస్ఫూర్తిగా అన్నాడు.

"మస్తు కొట్టినవ్ తియ్!"

నేను వంగి బంతి తీసేశాను.

నేను నవ్వుతూ భాయ్‌కి చెయ్యి చాపాను. ఆయన చెయ్యి కలపకుండా, అయోమయంగా నా చేతిలో బంతి వంకే చూస్తున్నాడు. ఈ ఊరి వాళ్ళకి తెలుసు, తియ్ అంటే ఇక్కడ తియ్యమని కాదు. మేం సరేలే అన్నట్టు, పోనీలే అన్నట్టు, మాట చివర ఊరికే తగిలించే ముక్క అది. నేను విననిదా? బజార్లో, బస్సులో, మా బావ నోట రోజూ వింటూనే ఉన్నాను. కానీ పొద్దుటి నుంచీ తీస్కో తీస్కో అని వింటున్న చెవి కదా, పుట్టి పెరిగిన మాట ముందు ఈ ఊరి మాట నిలబడలేదు. మా వైపు తియ్ అంటే తియ్యడమే మరి.

కర్నల్ గారు ముందుకొచ్చి భాయ్‌ని హిందీలో అడిగారు, నువ్వు ఇచ్చావా లేదా అని. భాయ్ అబద్ధం చెప్పే మనిషి కాదు, నేను ఇయ్యలేదు సార్, ఊరికెనే మెచ్చుకున్న, గానీ పోరడు ఇచ్చిననుకున్నడు, పోనీయుండ్రి అని తనూ హిందీలోనే చెప్పాడు. పోనియ్యడానికి వీల్లేదట. ఇద్దరూ రాజీపడి రూలు మాఫీ చేసుకోకూడదట. అయితే ఒక దారి ఉంది, ఎదుటివాడు అన్న మాట తీసుకో అన్న అర్థం వచ్చేలా ఉంటే మాత్రం శిక్ష లేకుండా బంతి మళ్ళీ అక్కడే పెట్టి కొట్టుకోవచ్చు, లేదంటే ఒక షాట్ శిక్ష. కర్నల్ గారికి తెలుగు రాదు. మా ఊరి మాటా ఈ ఊరి మాటా రెండూ తెలిసిన మనిషి నేను కాక ఆ గుంపులో ఒక్కడే ఉన్నాడు. కర్నల్ గారు ఆయన వైపే తిరిగి, కెప్టెన్, ఆ మాటకి మీ భాషలో తీసుకో అనే అర్థం ఎవరికైనా తోస్తుందా అని అడిగారు.

మా బావ నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. కోపం లేదు, జాలి లేదు, మార్కెట్లో దోసకాయ నొక్కి చూసి పక్కన పెట్టినట్టు చూశాడు. "నో సార్. అదొక ఊతపదం. ఈ ఊర్ల చిన్న పోరగాళ్ళకి సుత ఎరుకే," అన్నాడు. తరవాత దాన్నే ఇంగ్లీషులో చెప్పి, నా సొంత బావమరిదైనా సరే, రూలంటే రూలే అన్నాడు. నేను మా వైపు తియ్ అంటే అని ఏదో అనబోతుంటే భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి, "ఊరుకో. ఓడినా ఇజ్జత్‌తోని ఓడాలె," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సొంతవాడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన ధర్మరాజు కదా!

బంతి మళ్ళీ అక్కడే పెట్టాను. శిక్ష పడ్డాక కూడా జానెడు దూరం తోస్తే సమానంగానైనా ముగిసేది. కళ్ళలో నీళ్ళు తిరిగి గుంత రెండుగా కనిపిస్తోంది. పసిపిల్లాడు పాకుతూ తోసినా పడేది. నాది పక్క నుంచి జారిపోయింది. కప్పు వాళ్ళు పట్టుకెళ్ళారు. పక్కవాడి రెండు కళ్ళూ పోతాయంటే తన కన్నొకటి పొడుచుకునే రకాలుంటారని అంటారు, మా బావ ఆ రోజు తన జట్టు కప్పునే పొడుచుకున్నాడు.

అంతటితో ఆగితే, పోనీ నిజంగానే తోచలేదేమో పాపం అనుకునేవాణ్ణి. భోజనాల దగ్గర ఆయన మాట్లాడ్డానికి లేచాడు. విప్పేసిన చొక్కా మళ్ళీ తొడుక్కున్నట్టు, ఎన్నేళ్ళుగానో పలకని మా ఊరి యాస తీశాడు. "మా వాడికి తియ్ అంటే తియ్యడవే బాబూ! తలుపు తియ్, గెడ తియ్, గుడ్డ తియ్. ఎవుడు తియ్ అన్నా తీసీడవే! ఈయనేటో మెచ్చుకున్నాడు, ఈడేటో తీసీసినాడు!" అని చేత్తో బంతి ఏరుకుని బిక్కమొహం వేసి చూపించాడు. తెలుగు రానివాళ్ళకి ఇంగ్లీషులో ఆ మాటకి రెండు అర్థాలనీ విడమరిచి చెప్పాడు. గంట ముందు కర్నల్ గారికి ఏది లేదన్నాడో అదే, అక్షరం పొల్లుపోకుండా. బల్లలన్నీ విరగబడి నవ్వాయి, కర్నల్ గారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

భాయ్ ఒక్కడే నవ్వలేదు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, "అట్లైతే గీ ముచ్చట ఆడనే చెప్పకపోతివి గద సాబ్?" అన్నాడు.

"అరె భాయ్, బామ్మర్దితోని మజాక్ సుత చెయ్యొద్దా?" అన్నాడు బావ. మళ్ళీ నవ్వులు.

ఇదీ మన దగ్గర ఉన్న తిరకాసు. బావామరదులంటే పరాచికాలాడుకోవాలి, ఆటపట్టించుకోవాలి, అది వరస. మొహాన పేడనీళ్ళు కొట్టినా బావ కదా అని నవ్వాలి, ఉడుక్కుంటే ఇంకా నవ్వుతారు. బయటివాడెవడైనా ఆ పని చేసుంటే కాలరు పట్టుకునేవాణ్ణి. బావ చేస్తే కాలరు పట్టుకోవడానికి వరస ఒప్పుకోదు. నేనూ నవ్వాను. ఆ నవ్వంత చేదు నేను మళ్ళీ ఎరగను. కార్ల దగ్గర భాయ్ నా రెండు చేతులూ పట్టుకుని మాఫ్ చెయ్ బేటా, నా నోరే పాడుగాను, తియ్ అంటే నువ్వు నిజంగ తీస్తవని నాకేమెరుక అన్నాడు. ఈ ఊళ్ళో ఆ రోజు నా కోసం బాధపడింది ఆయనొక్కడే, అదీ నా ఎదుటి జట్టువాడు.

ఇంటికొచ్చి అక్కతో మొత్తం చెప్పాను. అక్క కూరలు తరుగుతూ తలెత్తకుండా వింది. "ఆయనేదో సరదాకన్నార్రా. బావ కాకపోతే నిన్నింకెవులు ఆటపట్టిత్తారు?" అంది. అంతే.

సభ్యత్వం ఖాయం కాలేదు. ఆట బావుంది గానీ ఒత్తిడికి నిలబడే గుణం లేదన్నారట. మా బావని మాత్రం న్యాయం తెలిసిన మనిషని కమిటీలోకి తీసుకున్నారు. క్లబ్బులో నాకు తియ్‌గారు అని పేరు పడిపోయింది, అక్కడి నుంచి సెంటర్‌కీ పాకింది, జావా చెబుతుంటే వెనక బెంచీలో ఎవడో తియ్ అనేవాడు, క్లాసంతా కిసుక్కుమనేది. కర్నల్ గారి దగ్గరికి మళ్ళీ మొహం చూపించలేకపోయాను. నేను వేరే ప్రయత్నాలు చేసుకుని బయటపడదామనుకునేసరికి అమెరికాలో ఆ బుడగ కాస్తా పేలిపోయింది, నిన్నటి దాకా రమ్మన్న కంపెనీలు ఉన్నవాళ్ళనే వెళ్ళమన్నాయి. బావ సెంటర్ కూడా మూతపడింది. నేను లాలాగూడలో ఒక స్కూల్లో కంప్యూటర్ మాస్టరుగా చేరి, అక్కడే జుట్టు తెల్లబరుచుకున్నాను. ఆ అద్దాల మేడలు ఇప్పటికీ మెట్రోలోంచి కనిపిస్తుంటాయి, నేను కళ్ళు తిప్పేసుకుంటాను.

మా బావ మూడేళ్ళ కిందట పోయాడు. పోయేదాకా ప్రతి పెళ్ళిలోనూ ప్రతి సత్యనారాయణ వ్రతంలోనూ ఆ కథ చెబుతూనే ఉన్నాడు, నేను నవ్వుతూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, పాడె మోస్తున్నప్పుడు కూడా నా కడుపులో మంట చల్లారలేదు. మనసులో తిట్టుకుంటూనే మోశాను. అలా తిట్టుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, పొద్దున్నే కాఫీ తాగినట్టు రోజుకొక్కసారి తిట్టుకోకపోతే ఏదో వెలితిగా ఉండేది.

అక్క సీతాఫల్‌మండి ఇంట్లోనే ఉంది. ఆదివారాలు వెళ్ళి భోంచేసి వస్తాను. మొన్నామధ్య అలాగే వెళితే, ఆ క్లబ్బు వాళ్ళెవరో ఫోన్ చేసి మీ వారు ఎంత నిఖార్సయిన మనిషో అని పొగిడారని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. నిఖార్సా, నా బతుకు నిలువునా తీశాడు, తెలిసి తెలిసి అబద్ధమాడాడు అన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. అక్క పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఆయన్ననకురా. నానే అడిగినాను," అంది.

ఏమడిగావన్నాను.

"నిన్ను ఆ కలబ్బులో సేరనివ్వొద్దని. సేరితే ఆ కంపినీకెల్లిపోతావు, ఆ ఊరవతలెక్కడో ఇల్లు తీసుకుంటావు, మరి రావు. మన మాట మాటాడీవోడివి ఈ ఊర్లో నువ్వొక్కడివే గదరా నాకు. ఆయనెలాగూ మన మాట వొదిలీసినారు. రాత్రులు కూకుని ఏడిసినాను. సరే తియ్, నేను చూస్కుంటా అన్నారు. నాను అడిగినానని నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. ఆయన సెప్పనేదు, పోయేటప్పుడు కూడా."

ఆవిడ కళ్ళు ఒత్తుకుని, పెరుగు వేసుకో, పొద్దున్నే తోడు పెట్టాను అంది. వేసుకున్నాను. డెబ్భై దాటిన మనిషి, గుమ్మం దిగడానికి గోడ పట్టుకునే మనిషి, ఆవిడని ఏమనగలను?

ఊరు చాలా మారిపోయిందంటారు అందరూ. నిజమే, మా స్కూల్లో శ్రీకాకుళం పిల్లలు కూడా ఇప్పుడు తియ్ అనే మాట్లాడతారు, నాకు పట్టిన గతి వాళ్ళలో ఎవరికీ పట్టదు. బావామరదుల వరసలు కూడా పల్చబడిపోయాయి, ఆటపట్టిస్తే పిల్లలు ఫోన్ నంబరు బ్లాక్ చేస్తున్నారు, మంచిదే. కానీ నాలో మారింది మాత్రం ఇంకోటి. ఆ ఆదివారం తరవాత పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూచుని, అలవాటు కొద్దీ మా బావని తిట్టుకుందామని నోరు తెరుస్తాను, తిట్టు రాదు. పోనీ అక్కని తిట్టుకుందామంటే మనసొప్పదు. పాతికేళ్ళు ఒకడి మీద కసితో లేచి, కసితో పడుకుని బతికాను, ఈ వయసులో అది కూడా లేకుండా చేసింది మా అక్క.